ముక్కు జబ్బుకి మందు ముక్కులో వేయండి, పెద్దవాళ్లకైతే మరీను

సంపాదకులకు నమస్కారం.

అలర్జీ గురించి పత్రికల ఆరోగ్యం పేజీల్లో వచ్చే ప్రశ్నలూ జవాబులూ నేను వదలకుండా చదువుతాను. పొద్దున్నే లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లు, రాత్రయితే ముక్కు దిబ్బడ, కళ్ల దురద, ఏం చేయమంటారు అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దుమ్ముకి దూరంగా ఉండండి, యాంటీహిస్టమిన్ మాత్ర రోజుకొకటి వేసుకోండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి అని జవాబు వస్తుంది. అందులో తప్పేమీ లేదు, కానీ అడిగిన మనిషి వయసు ముప్పయ్యా డెబ్బయ్యా అన్నది చాలాసార్లు ప్రశ్నలోనూ ఉండదు, జవాబులోనూ ఉండదు. నా బాధంతా అక్కడే. నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. డాక్టరు రాసిన మందుని చేతికిచ్చి ఎలా వాడాలో చెప్పేది మేమే, వాడాక ఏమైందో మొదట వినేది కూడా చాలాసార్లు మేమే. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అరవై ఐదు దాటినవాళ్లకి అలర్జీ ముక్కు ఉంటే, అది రోజూ బాధపెట్టేదైతే, మొదట చూడాల్సింది ముక్కులో కొట్టే స్ప్రే. మింగే మాత్ర దాని తర్వాత. అదీ ఏ మాత్ర పడితే ఆ మాత్ర కాదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు పాత మాత్రల సంగతి చెప్పాలి.

పాత తరం యాంటీహిస్టమిన్లంటే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, హైడ్రాక్సిజిన్, ప్రోమెథజిన్ లాంటివి. పేర్లు తెలియకపోయినా వీటిని మింగని ఇల్లుండదు, ఎందుకంటే జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్పుల్లో, కొన్ని దేశాల్లో నిద్ర మాత్రల్లో కూడా ఇవే ఉంటాయి. ఇవి అలర్జీ బాధలు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి కాబట్టి తుమ్ములు తగ్గుతాయి, ముక్కు కారడం తగ్గుతుంది, అది నిజమే. కానీ అక్కడితో ఆగవు. ఒంట్లో ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనం ఉంది, నోట్లో ఉమ్మి ఊరడానికి, పేగు కదలడానికి, మూత్రాశయం బిగిసి మూత్రాన్ని బయటికి నెట్టడానికి, మెదడులో జ్ఞాపకానికి అదే ఆధారం. ఈ మాత్రలు దాన్ని కూడా అడ్డుకుంటాయి, పైగా రక్తం నుంచి మెదడులోకి తేలిగ్గా దూరిపోతాయి. ముప్పై ఏళ్ల మనిషికి కాస్త మత్తుగా ఉండి, నోరెండి, మర్నాటికి సర్దుకుంటుంది. డెబ్బై ఐదేళ్ల మనిషికి అలా కాదు. మందుని బయటికి పంపే మూత్రపిండాలూ కాలేయమూ నెమ్మదిస్తాయి, క్లోర్‌ఫెనిరమిన్ అసలే ఒంట్లోంచి నెమ్మదిగా పోయే మందు, రాత్రి వేసిన మాత్ర మర్నాడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున మూత్రానికని లేచినప్పుడు కాలు తడబడుతుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆ ఇంటి పరిస్థితి ఏమవుతుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. వయసు మీద పడిన మగవాళ్లలో చాలామంది ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ లాంటి మాత్ర వాడుతుంటారు, మూత్రం సాఫీగా రావడానికి. అదే మనిషి జలుబని ఈ పాత మాత్ర వేసుకుంటే, ఒకటి దారి తెరుస్తుంటే ఇంకొకటి మూత్రాశయాన్ని పడుకోబెడుతుంది. ఒక పెద్దాయనకి రాత్రంతా మూత్రం ఆగిపోయి, పొట్ట రాయిలా బిగుసుకుపోయి, ట్యూబు వేసి తీయాల్సి వచ్చింది. ఏమేం మందులు వాడుతున్నారు అని అడిగితే బీపీ మాత్ర, ప్రోస్టేట్ మాత్ర, షుగర్ మాత్ర, అన్నీ వేళలతో సహా చెప్పారు ఇంట్లోవాళ్లు. జలుబు మాత్ర సంగతి మాత్రం చెప్పలేదు. మళ్లీ అడిగితే, అది మందు కాదు కదండీ, జలుబు మాత్రే కదా, మూడు పూటలా వేసుకుంటున్నారు అన్నారు. ఆ జవాబు నేను మర్చిపోలేను. ఎందుకంటే అలా అనుకునేవాళ్లు ఆ ఇంట్లోనే కాదు, ఎక్కడ చూసినా ఉన్నారు. మతిమరుపు జబ్బుకి డోనెపెజిల్ వాడేవాళ్ల విషయంలోనూ ఇంతే. ఆ మాత్ర మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ని నిలబెట్టడానికి ఇస్తారు, పాత యాంటీహిస్టమిన్ దాన్నే అడ్డుకుంటుంది. నాలుగు రోజులుగా నాన్న తికమకగా మాట్లాడుతున్నారు, జబ్బు ముదిరిందేమో అని పిల్లలు టెన్షన్ పడుతూ వస్తారు. కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారో అడగడం అన్నిటికన్నా ముందు జరగాలి.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. పెద్ద వయసువాళ్లకి ఏ మందులు ఇవ్వకుండా ఉంటే మంచిదో మార్క్ బీర్స్ అనే అమెరికన్ డాక్టరు 1991లో ఒక జాబితా తయారుచేయించారు. దాన్ని ఇప్పుడు అక్కడి వృద్ధుల వైద్య నిపుణుల సంఘం, అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ, ఎప్పటికప్పుడు సవరిస్తుంటుంది, 2023లో కూడా సవరించింది. పాత తరం యాంటీహిస్టమిన్లు ఆ జాబితాలో ఉన్నాయి, అరవై ఐదు దాటినవాళ్లకి వీలైనంతవరకు వద్దు అనే మాటతో. ఉన్నట్టుండి తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్ సంగతి వేరు, దాని గురించి కాదు నేను మాట్లాడేది. 2015లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే మందులన్నిటినీ కలిపి చూశారు. 65 దాటిన 3,434 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, ఇలాంటి మందులు ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడినవాళ్లలో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఎక్కువగా కనిపించింది. మందు వల్లే జబ్బు వచ్చిందని ఇలాంటి పరిశీలనతో తేల్చి చెప్పలేం, ఆ మాట కూడా చెప్పాలి. కానీ దాని బదులు వాడదగ్గ మంచి మందులు ఉన్నప్పుడు ఆ సందేహం మోయాల్సిన పనేముంది?

కొత్త తరం మాత్రలకి వస్తాను. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, లొరాటడిన్, డెస్‌లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్. ఇవి మెదడులోకి తక్కువగా వెళ్తాయి, నోరెండడం, మూత్రం ఆగడం లాంటివి చాలా తక్కువ. అయితే ఇవన్నీ ఒకటే అనుకోవద్దు. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ కొందరికి మత్తునిస్తాయి, పెద్దవాళ్లలో అది ఇంకా తెలుస్తుంది. ఇవి రెండూ ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి కాబట్టి కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకి మోతాదు తగ్గించాలి, బాగా దెబ్బతిన్నవాళ్లకి లెవోసెటిరిజిన్ అసలు ఇవ్వకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. రక్త పరీక్షలో క్రియాటినిన్ నార్మల్ అని రాసుంటే కిడ్నీలు బాగున్నాయని నిశ్చింతగా ఉంటారు. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చేది, వయసుతో కండ కరిగిపోయిన సన్నటి మనిషిలో అది తక్కువే తయారవుతుంది, అందువల్ల కిడ్నీ సగం పనిచేస్తున్నా కాగితం మీద అంకె నార్మల్‌గానే కనిపించొచ్చు. వయసు, బరువు కలిపి లెక్క కడితేగానీ అసలు సంగతి తెలియదు. ఆ లెక్క డాక్టరుకో ఫార్మసిస్టుకో రెండు నిమిషాల పని, అడగండి. పది మిల్లీగ్రాముల సెటిరిజిన్ బదులు అయిదు సరిపోయే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు.

మత్తు బాగా తక్కువగా ఇచ్చేది ఫెక్సోఫెనడిన్. దీని వెనక ఒక చరిత్ర ఉంది. టెర్ఫెనడిన్ అని మత్తు లేని మొదటి మాత్రల్లో ఒకటి వచ్చింది, కొన్ని యాంటీబయాటిక్స్‌తో, ఫంగస్ మందులతో కలిస్తే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తోందని తేలాక 1990లలో దాన్ని ఆపేశారు. ఆ టెర్ఫెనడిన్ ఒంట్లోకి వెళ్లాక మారి ఏదవుతుందో, నిజంగా పనిచేసే ఆ భాగమే ఫెక్సోఫెనడిన్. గుండెకి ఆ ప్రమాదం ఇందులో లేదు. కానీ దీన్ని పళ్లరసంతో మింగకండి. బత్తాయి జాతి పళ్ల రసమైనా, ఆపిల్ రసమైనా మందు ఒంటికి పట్టడం బాగా తగ్గిపోతుంది, మంచినీళ్లతోనే వేసుకోవాలి. కడుపులో మంటకి తాగే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ కూడా దగ్గర దగ్గరగా పడకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఎడముండాలి. పనిచేయట్లేదని మందు మార్పించుకున్నవాళ్లలో కొందరు రోజూ దాన్ని రసంతోనే మింగుతున్నారు. బిలాస్టిన్‌కీ ఇలాంటి షరతే ఉంది, తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో వేసుకోవాలి.

సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ నెలల తరబడి, ఏళ్ల తరబడి రోజూ వాడి ఒక్కసారి ఆపేస్తే కొందరికి ఒళ్లంతా విపరీతమైన దురద వస్తుంది. అరుదే, కానీ 2025 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఆపిన కొద్ది రోజులకి మొదలయ్యే ఈ దురదని చూసి అలర్జీ తిరగబెట్టిందనుకుని మళ్లీ వేసుకుంటారు, తగ్గిపోతుంది, ఇక మాత్ర జన్మకి వదలదు. ఎక్కువకాలం వాడినవాళ్లు డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించుకోవడం మంచిది.

మాత్ర ఎంత మంచిదైనా దానికో హద్దుంది. తుమ్ములకి, దురదకి, నీళ్లు కారడానికి బాగా పనిచేస్తుంది, దిబ్బడకి మాత్రం అంతంతే. పెద్దవాళ్లని రాత్రి నిద్రపోనివ్వనిది ఆ దిబ్బడే. అక్కడే స్టెరాయిడ్ స్ప్రే అవసరం వస్తుంది: ఫ్లూటికాసోన్, మోమెటాసోన్, బుడెసొనైడ్ వగైరా. స్టెరాయిడ్ అనే మాట వినగానే చాలామంది సీసా పక్కన పెట్టేస్తారు. షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి అని వాళ్ల భయం. ఆ భయం మింగే స్టెరాయిడ్ మాత్రల విషయంలో, ఇంజెక్షన్ల విషయంలో సబబే. ముక్కు స్ప్రేలో ఉండే మందు మైక్రోగ్రాముల లెక్క, అందులోనూ ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటివి రక్తంలోకి చేరేది బహు తక్కువ. బీపీని కదిలించవు, మత్తు ఉండదు, ప్రోస్టేట్ జోలికి పోవు, వేరే అయిదారు మందులు వాడే మనిషికి కూడా చాలావరకు ఇబ్బంది పెట్టవు. హెచ్‌ఐవీకి రిటోనవిర్ ఉన్న మందులు వాడేవాళ్లు మాత్రం ఫ్లూటికాసోన్ వాడకూడదు, ముందే చెప్పాలి. గ్లకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు ఉన్నవాళ్లు, కంట్లో శుక్లాలున్నవాళ్లు కంటి డాక్టరుకి ఒక మాట చెప్పి, కంటి పరీక్షలు మానకుండా వాడాలి.

స్ప్రే వాడినా తగ్గలేదు అని వచ్చేవాళ్లని నేను మొదట అడిగేది, ఒకసారి నా ముందు కొట్టుకుని చూపించండి అని. చూస్తే తెలిసిపోతుంది. తల వెనక్కి వాల్చేసి, సీసాని నిటారుగా పైకి పెట్టి, గట్టిగా లోపలికి పీలుస్తారు, మందంతా గొంతులోకి జారిపోతుంది, చేదుగా ఉందని మొహం పెడతారు. కొందరు రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడకి గురిపెట్టి కొడతారు, రోజూ అక్కడే పడి ఆ గోడ పుండై రక్తం వస్తుంది. సరైన పద్ధతి ఇది. ముక్కు మెల్లగా చీదుకుని, తల కొంచెం ముందుకి వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టాలి. అలా చేస్తే సీసా మూతి దానంతటదే మధ్య గోడకి దూరంగా, కంటి బయటి కొన వైపు తిరుగుతుంది. మామూలుగా ఊపిరి తీసుకోవాలి, వాసన చూసినట్టు మెల్లగా, అంతే. కొత్త సీసా అయితే ముందు గాల్లోకి కొన్నిసార్లు కొట్టి, సన్నటి తుంపర వచ్చేదాకా చూసుకోవాలి. వేళ్ల కీళ్లనొప్పులున్నవాళ్లకి, చెయ్యి వణికేవాళ్లకి ఆ మూత నొక్కడమే కష్టం, అలాంటప్పుడు ఇంట్లో ఎవరైనా కొట్టాలి. డాక్టరు రాసిచ్చిన కాగితంలో ఇవేవీ ఉండవు. చూపించి నేర్పాలి, నెలపోయాక మళ్లీ చూపించమని అడగాలి.

ఇంకా ముఖ్యమైన సంగతి, స్ప్రే తలనొప్పి మాత్రలాంటిది కాదు. కొందరికి కొన్ని గంటల్లో తేడా తెలుస్తుంది గానీ, పూర్తి ఫలితం కోసం రోజూ కొట్టుకుంటూ రెండు వారాలు ఆగాలి. మూడో రోజుకి ఇది పనికిరాదని పారేసేవాళ్లే ఎక్కువ. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకి ముక్కు నుంచి రక్తం చుక్కలు పడే అవకాశం ఎక్కువ. దానికోసం గుండె మందు ఆపేయకండి. స్ప్రే కొన్నాళ్లు ఆపి, సెలైన్, అంటే ఉప్పునీటి చుక్కలతో ముక్కు తడిగా ఉంచి, డాక్టరుకి చూపించండి. వయసుతో ముక్కు లోపలి పొర అసలే ఎండిపోతుంది, మృదులాస్థి బలం తగ్గి ముక్కు కొన కిందికి వాలుతుంది, చీమిడి చిక్కబడుతుంది. పెద్దవాళ్ల ముక్కుకి ఉప్పునీటి స్ప్రే చాలా హాయినిస్తుంది, దుష్ఫలితం దాదాపు లేనిది. ముక్కు కడుక్కునే అలవాటున్నవాళ్లు మాత్రం కుళాయి నీళ్లు నేరుగా వాడకండి. ఒక నిమిషమైనా తెర్లేదాకా కాచి చల్లార్చిన నీళ్లో, డిస్టిల్డ్ వాటరో ఉండాలి. ముక్కు ద్వారా మెదడుకి చేరే అమీబా అరుదైనదే, కానీ సోకితే బతికి బయటపడేవాళ్లు చాలా తక్కువ.

స్టెరాయిడ్ స్ప్రే ఒక్కటే చాలకపోతే అజెలాస్టిన్ స్ప్రే ఉంది. ఇది యాంటీహిస్టమినే, కాకపోతే మింగేది కాదు, ముక్కులో పడేది, పావుగంటలో పని మొదలుపెడుతుంది. నోట్లో చేదు వస్తుందని కొందరు ఇష్టపడరు, కొందరికి కాస్త మత్తు కూడా ఉంటుంది. అజెలాస్టిన్, ఫ్లూటికాసోన్ రెండూ కలిపిన స్ప్రే దొరుకుతుంది, విడివిడిగా వాడినదాని కన్నా రెండూ కలిస్తే ఎక్కువ ఉపశమనం వస్తుందని పరీక్షల్లో తేలింది. తగ్గట్లేదని మాత్ర మీద మాత్ర కలిపే ముందు ఇది చూడాలని నా అభిప్రాయం.

ముక్కు దిబ్బడ మాత్రల సంగతి. సూడోఎఫెడ్రిన్ రక్తనాళాలని బిగిస్తుంది, ముక్కులోనే కాదు, ఒళ్లంతా. బీపీ పెరుగుతుంది, గుండె దడ, నిద్ర రాదు, ప్రోస్టేట్ ఉన్నవాళ్లకి మూత్రం కష్టమవుతుంది. బీపీ, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లు దాని జోలికి పోకూడదు. ఫినైలెఫ్రిన్ మాత్రలైతే ఇంకో కథ. నోటితో మింగిన ఫినైలెఫ్రిన్ దిబ్బడని తగ్గించదని 2023 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది, మరుసటి ఏడాది దాన్ని దిబ్బడ మందుల్లోంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది కూడా. జలుబు మాత్ర అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి, పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మూడూ కలిసి కనిపిస్తాయి. అలర్జీ ముక్కుతో ఉన్న పెద్దాయనకి జ్వరం లేదు కాబట్టి మొదటిది అక్కర్లేదు, రెండోది హాని, మూడోది దండగ.

ఇక జైలోమెటాజోలిన్, ఆక్సిమెటాజోలిన్ చుక్కలు. వేసుకున్న నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అందుకే ఇవంటే అందరికీ మోజు. మూడు రోజులు, మహా అయితే అయిదు, అంతకు మించి వాడితే మందు పవరు దిగగానే ముక్కు ముందుకన్నా గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. ఏళ్ల తరబడి తలగడ కింద ఆ సీసా పెట్టుకుని పడుకునే పెద్దవాళ్లున్నారు. వాళ్లని తిట్టి లాభం లేదు. స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు ముందు ఒక ముక్కుకి మాని తర్వాత రెండోదానికి మానితే చాలామంది బయటపడతారు, డాక్టరు తోడుంటే మేలు.

ఆస్తమాకీ అలర్జీకీ ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్ర గురించి కూడా రాయాలి, ఎందుకంటే లెవోసెటిరిజిన్‌తో కలిపి ఒకే మాత్రగా దీన్ని ఎడాపెడా మింగుతున్నారు. ఆస్తమా కూడా ఉన్నవాళ్లకి దీనికో స్థానం ఉంది. ఒట్టి అలర్జీ ముక్కుకి మాత్రం స్టెరాయిడ్ స్ప్రే కన్నా ఇది బలహీనమైన మందు. పీడకలలు, దిగులు, చిరాకు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020 మార్చిలో ఎఫ్‌డీఏ దీని మీద అన్నిటికన్నా తీవ్రమైన బాక్స్ హెచ్చరిక పెట్టింది, వేరే మందులతో తగ్గని ముక్కు అలర్జీకే వాడమంది. ఒంటరిగా ఉండే పెద్దావిడ నిద్ర పట్టక, దిగులుగా ఉంటే వయసు వల్లేలే అని వదిలేస్తాం, మాత్రని ఎవరూ అనుమానించరు. ఏడాదికోసారి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిపించుకుంటే సీజనంతా హాయి అనే మాట కూడా వింటుంటాను. దయచేసి వద్దు. షుగరు, ఎముకలు, కళ్లు, అన్నిటికీ నష్టమే, స్ప్రే ఉండగా ఆ రిస్కు తీసుకోవాల్సిన పని లేదు.

ఇంతసేపూ అలర్జీ అని రాసుకుంటూ వచ్చాను గానీ, అరవై దాటాక కొత్తగా ముక్కు కారడం మొదలైతే అది అలర్జీ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. దురద లేకుండా, తుమ్ములు లేకుండా, వేడి వేడిగానో కారంగానో తిన్నప్పుడు, చల్లగాలి తగిలినప్పుడు ముక్కు నుంచి నీళ్లు ధారగా కారితే అది నరాల వల్ల వచ్చేది. దానికి యాంటీహిస్టమిన్ మాత్రలు ఎన్ని మింగినా ఫలితం ఉండదు, ఇప్రాట్రోపియం స్ప్రే బాగా పనిచేస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ ఉన్నవాళ్లు దాన్ని కూడా జాగ్రత్తగా వాడాలి. వాడుతున్న మందుల వల్ల కూడా ముక్కు దిబ్బడేస్తుంది. ప్రోస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్, ప్రాజోసిన్ జాతి మందులు, కొన్ని బీపీ మందులు, మగవాళ్ల అంగస్తంభన సమస్యకి వాడే సిల్డెనాఫిల్, కొందరికి యాస్పిరిన్, ఇవన్నీ చేయగలవు. ఒక మందు వల్ల వచ్చిన దిబ్బడకి ఇంకో మందు, దానివల్ల వచ్చిన మలబద్ధకానికి మరో మందు, ఇలా చీటీ పొడుగవుతూ పోతుంది. ఒకవైపే మూసుకుపోవడం, ఒకవైపు నుంచే రక్తమో చెడు వాసనో రావడం, తలకి దెబ్బ తగిలాక ఒక ముక్కు నుంచి నీళ్లు కారడం, ఇవి అలర్జీ కాదు, ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

నిజంగా అలర్జీయేనా అని తేల్చడానికి చర్మ పరీక్ష గానీ రక్త పరీక్ష గానీ ఉన్నాయి. చర్మ పరీక్షకి వారం ముందే యాంటీహిస్టమిన్ మాత్రలు ఆపాలి, రక్త పరీక్షకి ఆ బాధ లేదు. ఇమ్యునోథెరపీ, అంటే అలర్జీ కలిగించే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు చేసే వైద్యం, 1911 నుంచీ ఉంది. వయసు ఒక్కటే దానికి అడ్డు కాదు, గుండెజబ్బు, అదుపులో లేని ఆస్తమా ఉంటే, బీపీకో గుండెకో ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే మాత్రం ఆలోచించి చేయాలి.

మీ పత్రికకి నా విన్నపం ఒకటుంది. ఆరోగ్యం పేజీకి వచ్చే ప్రశ్నల్లో వయసు, వాడుతున్న మందుల పేర్లు రాయమని పాఠకులకి పైనే ఒక లైను వేయండి. జవాబిచ్చే డాక్టర్లు మాత్ర అని ఊరుకోకుండా మందు అసలు పేరు తెలుగు అక్షరాల్లో రాయమని కోరండి, అది పాత తరమా కొత్త తరమా కూడా. స్ప్రే ఎలా కొట్టుకోవాలో బొమ్మలతో, పెద్ద అక్షరాలతో ఒక అర పేజీ వేస్తే కత్తిరించుకుని గోడకి అంటించుకుంటారు, ఆ బొమ్మల కింద మాటలు రాసివ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పిల్లలకి కూడా ఒక మాట. అమ్మానాన్నల మందుల డబ్బా ఈ ఆదివారం ఒకసారి బల్ల మీద బోర్లించండి. అందులో పేరు కనపడకుండా కత్తిరించిన అట్ట ముక్కలు ఉంటాయి, రెండో మూడో మాత్రలు మిగిలినవి, ఎప్పటివో, దేనికో ఎవరికీ గుర్తుండదు. పేరు తెలియని వాటిని పక్కకి తీసేసి, క్లోర్‌ఫెనిరమిన్ అని రాసున్నవి విడిగా పెట్టి, అన్నీ ఒక సంచిలో వేసి వచ్చేసారి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. జలుబు మాత్రలతో సహా.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక ఆసుపత్రి ఫార్మసిస్టు